పనిబల్లకు ఏ కర్ర?

మొజంజాహీ మార్కెట్ కూడలి నుంచి ఎటు నడిచినా వడ్రంగి సరుకు తగులుతుంది. జాంబాగ్‌లో ఫర్నిచర్ దుకాణాలు, గోషామహల్, ఆగాపురా వైపు కర్ర, ప్లైవుడ్ అమ్మేవాళ్లు, బేగంబజార్‌లో ఉలులు, రందాలు, మేకులు, బందులు. ఏడో నిజాం 1935లో కట్టించి తన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టిన ఈ రాతి మార్కెట్ చుట్టూ ఇల్లు కట్టేవాడికి, ఇంట్లోకి సామాను చేయించుకునేవాడికి కావలసినవన్నీ దొరుకుతాయి. వడ్రంగం నేర్చుకుంటూ సొంతంగా ఒక పనిబల్ల చేసుకుందామనుకున్నవాడికి మాత్రం ఇక్కడ ఒక్కో గుమ్మంలో ఒక్కో సలహా ఎదురవుతుంది. టేకు తప్ప ఏదీ నిలవదని ఒకరంటారు. బల్లకు టేకు దండగ, పైన్ చాలని మరొకరు. నాలుగు ప్లైవుడ్ షీట్లు అతికిస్తే చాలదా అని ఇంకొకరు. పల్లెలో తుమ్మ మొద్దు ఉండగా డిపోకు ఎందుకొచ్చావని అడిగేవాళ్లూ ఉన్నారు.

ఇంటి దగ్గర తీరిక వేళల్లో వడ్రంగం చేసేవాళ్లు పెరిగాక ఈ వాదన బాగా చిక్కుపడింది. అమెరికా పుస్తకాలు, వీడియోలు చూసి వచ్చినవాళ్లకు, ఇక్కడ కర్ర కోసే సామిల్లు వాళ్లకు మధ్య మాట కలవడం లేదు. అందుకే ఏ పక్షం ఏమంటోందో, ఎందుకంటోందో ఒకచోట పెట్టి చూడడం అవసరం.

బల్ల లేకుండా సాగిన పని

మన వడ్రంగికి నిలువెత్తు పనిబల్ల తాతలనాటి వస్తువు కాదు. బండి చక్రం, నాగలి, గుమ్మం, తలుపు అన్నీ నేల మీద కూర్చునే తయారయ్యాయి. కర్రను పాదాలతో నొక్కిపట్టి, బాడిసతో చెక్కి, చిత్రిక పట్టేవారు. కింద ఒక దిమ్మ ఉంటే చాలు. దీన్ని వెనకబాటుతనమని కొట్టిపారేయడం తొందరపాటు. రోమన్ల కాలపు బల్లలు కూడా మోకాలెత్తు దాటినవి కావు. హెర్క్యులేనియంలో బయటపడ్డ కుడ్యచిత్రంలో అలాంటి పొట్టి బల్ల మీదే కోత జరుగుతుంటుంది.

నిలబడి పనిచేసే బల్ల మనకు రైల్వే వర్క్‌షాపులతో, పారిశ్రామిక పాఠశాలలతో వచ్చింది. సికింద్రాబాద్ పక్కన లాలాగూడలో నిజాం రైల్వే బోగీలు బాగుచేసిన షెడ్లు అలాంటివే. తర్వాత ఐటీఐల్లో వడ్రంగం ట్రేడు దాన్ని మామూలు చేసింది. ఇవాళ అపార్ట్‌మెంట్లలో ఇంటీరియర్ పనిచేసే కూలీల్లో చాలామంది ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు పని జరిగే చోటే ప్లైవుడ్ ముక్కలతో తాత్కాలికంగా ఒక బల్ల నిలబెట్టుకుని, పని అయ్యాక విప్పేస్తారు. కాబట్టి పదేళ్లు, ఇరవై ఏళ్లు ఉండే బల్లకు ఏ కర్ర బాగుంటుందో చెప్పగల అనుభవం మన మార్కెట్లో పోగుపడనే లేదు. డిపోలో వినిపించే సలహాలన్నీ గుమ్మాల, మంచాల అనుభవం నుంచి వచ్చినవి.

యూరప్‌లో ఆ అనుభవం పుస్తకాలకెక్కింది. ఫ్రెంచి వడ్రంగి ఆంద్రె రూబో 1769లో మొదలుపెట్టి అచ్చువేసిన గ్రంథంలో బల్ల పైపలకకు ఎల్మ్ గానీ బీచ్ గానీ, కాళ్లకు ఓక్ వాడమన్నాడు. పైపలక ఐదారంగుళాల మందం. ఇంగ్లండులో పీటర్ నికల్సన్ పేరుతో చలామణీ అయిన పద్ధతిలో మెత్తని కర్రతో పలుచటి పైపలక చేసి, పక్కల వెడల్పాటి పలకలు బిగించి గట్టిదనం తెచ్చారు. అమెరికాలో క్రిస్టఫర్ ష్వార్జ్ 2007లో పనిబల్లల మీద రాసిన పుస్తకం చర్చను కొత్త దారి పట్టించింది. ఇళ్లు కట్టడానికి అమ్మే సదరన్ ఎల్లో పైన్ దూలాలు కొనుక్కోండి, చవక, బరువు, గట్టిదనం మూడూ ఉన్నాయి అన్నాడాయన. హైదరాబాదులో ఇప్పుడు పైన్ పేరెత్తేవాళ్లలో చాలామంది, తెలిసో తెలియకో, ఆయన శిష్యులే.

టేకు పక్షం

ఈ పక్షం బలం ఊరికే రాలేదు. ఆదిలాబాద్ అడవుల టేకు, బల్లార్షా టేకు హైదరాబాదు ఇళ్లలో తరాలుగా ఉన్నాయి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తయ్యాక ఆ అడవులు నగరానికి ఇంకా దగ్గరయ్యాయి. ఇప్పటికీ గొప్ప పని అంటే బల్లార్షా పేరే వినిపిస్తుంది. అయోధ్య రామమందిరం తలుపులు ఆ కర్రతో చేసింది బోయిన్‌పల్లిలోని కలప సంస్థే.

టేకు గుణాలు లెక్కలకు నిలుస్తాయి. చేవకు చెద పట్టదు, పుచ్చు పట్టదు. తేమకు పెరగడం, తరగడం చాలా తక్కువ. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి టేకు 6 శాతం లోపే కుంచించుకుంటుంది. రూబో మెచ్చిన యూరప్ బీచ్ దాదాపు 12 శాతం కుంచించుకుంటుంది.

ఇక ఎదురువాదాలు. మొదటిది ధర. ఘనపుటడుగు వేలల్లో పలుకుతుంది, మందపు సైజుకు ఇంకా ఎక్కువ. అడవి టేకు కోత తగ్గడానికి చరిత్ర ఉంది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 12న ఇచ్చిన ఆదేశంతో అడవుల్లో ఇష్టారాజ్యంగా కోత, అనుమతి లేని సామిల్లులు ఆగాయి. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం ఏర్పడింది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. అప్పటినుంచి డిపోల్లో కనిపించే టేకులో ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు వాటా పెరిగింది. తక్కువ వయసులో కొట్టిన తోట టేకులో తెల్ల చెక్క ఎక్కువ. దానికి చేవ గుణాలేవీ ఉండవు. పేరు టేకే, ధర టేకుదే, నిలకడ మాత్రం కాదు.

రెండో ఎదురువాదం పనికి సంబంధించింది. టేకులో ఇసుక రేణువుల్లాంటి సిలికా ఉంటుంది, రందా పదును త్వరగా పోతుంది. నూనె ఉంటుంది, అతికించే ముఖాన్ని వెంటనే తుడిచి జిగురు పెట్టకపోతే అతుకు నమ్మలేం. బరువూ మధ్యస్థమే. ఉలిదెబ్బలు, రంపం గాట్లు పడాల్సిన వస్తువుకు మంచానికి పెట్టాల్సిన కర్ర పెట్టడం దండగన్న వాదనలో న్యాయముంది.

నాటు గట్టి కర్రలు

ఇక్కడ విషయం చిక్కగా ఉంది, మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. నల్లమద్ది, తుమ్మ, వేప, చింత, మామిడి, వేగిస. బండి ఇరుసులు, నాగళ్లు, గానుగలు, రోకళ్లు వీటితో చేసినవే. అంటే దెబ్బ తినే పనిముట్టుకు మన పల్లెలు ఎంచుకున్న కర్రలు ఇవి. పనిబల్ల కూడా దెబ్బలు తినే పనిముట్టే.

బరువు చూద్దాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న పైపలకకు మూడు ఘనపుటడుగుల కర్ర పడుతుంది. కాళ్లు, అడ్డపట్టీలు కలిపితే మొత్తం ఐదు. అది టేకైతే బల్ల దాదాపు 90 కిలోలు, నల్లమద్ది అయితే 120 కిలోలు, దిగుమతి పైన్ అయితే 70 కిలోలు. రందా తోసినప్పుడు బల్ల కదలకూడదు. ఈ ఒక్క పరీక్షలో నల్లమద్దితో పోటీపడేది మన చుట్టుపక్కల అరుదు.

ష్వార్జ్ వాదాన్ని సరిగా చదివితే అది ఈ పక్షానికే బలమిస్తుంది. మీ ఊళ్లో చవగ్గా, బరువుగా, తేలిగ్గా దొరికేది తీసుకోండి అన్నదే ఆయన చెప్పినదాంట్లో సారం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది పైన్. రూబోకు అది ఎల్మ్, బీచ్. తెలంగాణలో అది వేపో, తుమ్మో, మద్దో కావాలి. ఆయన చెట్టును దిగుమతి చేసుకున్నవాళ్లు సూత్రాన్ని ఓడలోనే వదిలేశారు.

అయితే ఆ సూత్రం ఇక్కడ ఒక కాలు లేకుండా నిలబడాల్సి వస్తోంది. అమెరికాలో ఇళ్ల కోసం అమ్మే దూలం బట్టీలో ఆరబెట్టి, సైజు కోసి, ముద్ర వేసి వస్తుంది. మన తుమ్మ, మద్ది సామిల్లుకు దుంగగా వస్తాయి, పచ్చిగానే కోతపడి వెళ్లిపోతాయి. వీటిని ఎండబెట్టి నిల్వ ఉంచి అమ్మే వ్యాపారం దాదాపు లేదు. నల్లమద్ది ఎండడంలో మొండిది. తొందరపెడితే ముఖమంతా బీటలు, చివర్లు పగుళ్లు. మూడంగుళాల పలక పైన ఎండినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మామిడి, చింతల్లో తెల్ల చెక్కకు పుచ్చు భయం. వేప వీటన్నిటికన్నా మెరుగు, ఎండాక నిలకడగా ఉంటుంది, పురుగు తక్కువ. కానీ తిన్నగా ఆరడుగుల పలక వచ్చే మాను దొరకాలి.

చట్టం మాటా ఉంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, సొంత పొలంలోనైనా సరే. కోసిన కర్ర తరలింపుకు అటవీ శాఖ నిబంధనలు జాతిని బట్టి వేరుగా ఉంటాయి. మా తాత పొలంలో తుమ్మ ఉంది కదా అనుకునేవాళ్లు ముందు ఇది తెలుసుకోవాలి. నీలగిరి సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. కాగితపు మిల్లుల కోసం పెంచిన కర్ర, కోస్తుంటేనే చీలుతుంది, పనిబల్లకు వద్దు.

పైన్ పక్షం

డిపోలో పైన్ అంటే ఎక్కువగా న్యూజిలాండ్ రేడియేటా, పెట్టెల తయారీకి వచ్చినది. చవక, సూటి నార, తేలికగా చిత్రిక పడుతుంది, కోత సైజుల్లో సిద్ధంగా దొరుకుతుంది. మెత్తగా ఉండడం లోపమని అందరూ అంటారు గానీ, మెత్తని బల్ల మీద చేసే సామానుకు సొట్ట పడదు. సొట్టలు పడేది బల్లకే. రెండేళ్లకోసారి పైముఖం రందా పడితే సరిపోతుంది.

అసలు లోపం వేరే ఉంది. అమెరికా పుస్తకాల్లోని పైన్, మన డిపోలోని పైన్ ఒకటి కావు. సదరన్ ఎల్లో పైన్ జాతులు ఘనమీటరుకు సుమారు 570 నుంచి 650 కిలోలు తూగుతాయి. రేడియేటా 500 దగ్గర ఉంటుంది. కొలతలు పుస్తకం నుంచి యథాతథంగా తీసుకుంటే బల్ల తేలికవుతుంది, పైపలక ఎక్కువ వంగుతుంది. పైపలక మరో అంగుళం మందం చేసి, పక్కల నికల్సన్ తరహా పలకలు బిగిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. హైదరాబాదులో చెద సంగతి కూడా మరవకూడదు. నేల మీద నేరుగా నిలిపే పైన్ కాళ్ల కింద తాండూరు బండ ముక్కలు వేయడం కనీస జాగ్రత్త.

ప్యాలెట్ల కర్రతో చేద్దామనుకునేవాళ్లు ముద్ర చూడాలి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించినది, దాని జోలికి పోకపోవడం మంచిది.

ప్లైవుడ్, పాత కర్ర

ప్లైవుడ్ వాదం చిన్నది, సూటిగా ఉంటుంది. ఎనిమిది బై నాలుగు షీట్లు 18 మిల్లీమీటర్లవి రెండు కొంటే ఆరు బై రెండు ముక్కలు నాలుగు వస్తాయి. అతికిస్తే 72 మిల్లీమీటర్ల పైపలక. తేమకు పెరగదు, తరగదు, అదే వారంలో పని మొదలుపెట్టొచ్చు. కానీ పైపొర మిల్లీమీటరు కూడా ఉండదు. వంపు వస్తే రందా పట్టి చదును చేసే వీలు లేదు. పైన హార్డ్‌బోర్డు వేసి, పాడైనప్పుడల్లా మార్చుకునేవాళ్లకు ఇది మంచి దారి. అపార్ట్‌మెంటు బాల్కనీలో పనిచేసేవాళ్లకు ఇంతకన్నా మేలైనది చెప్పడం కష్టం.

పాత కర్ర వాదం వేరు. పాత ఇళ్లు కూల్చినప్పుడు, రోడ్లు వెడల్పు చేసినప్పుడు దిగే దూలాలు, వాసాలు, చౌకట్లు యాభై అరవై ఏళ్లు ఎండినవి. వీటిలో చేవ తేలిన టేకు కొత్త టేకు కన్నా తక్కువకు దొరుకుతుంది. రంపాన్ని, రందాను పాడుచేసే విరిగిన మేకులు మాత్రం దాగుంటాయి. అయస్కాంతమో చిన్న మెటల్ డిటెక్టరో లేకుండా సామిల్లుకు తీసుకెళితే కోత మిషన్ వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. రైలు పట్టాల కింద నుంచి తీసిన పాత స్లీపర్ల మీద మోజు పడేవాళ్లున్నారు. వాటికి పట్టించిన క్రియోసోటు చర్మానికి, ఊపిరికి మంచిది కాదు, కంకర ఇరుక్కుని ఉంటుంది. వాటిని వదిలేయాలి.

అందరూ దాటేసే ప్రశ్న: తేమ

పక్షాల వాదన అంతా జాతి చుట్టూ తిరుగుతోంది. బల్ల వంకరపోయేది మాత్రం చాలావరకు తేమ వల్ల. హైదరాబాదు వేసవి మధ్యాహ్నాలు గాలి బాగా పొడిగా ఉంటుంది, ఆగస్టులో తడిగా ఉంటుంది. ఆరుబయట షెడ్డులో ఉన్న కర్రలో తేమ ఈ రెండు కాలాల మధ్య ఐదారు శాతం మారడం వింత కాదు. ఆరు శాతం మారిందనుకుని లెక్క కడితే, రెండడుగుల వెడల్పు టేకు పైపలక, వలయాలు అడ్డంగా వచ్చేలా కోసిన పలకలతో చేసినదైతే, సుమారు 7 మిల్లీమీటర్లు కదులుతుంది. అదే టేకును వలయాలు నిలువుగా వచ్చేలా కోయిస్తే 3 మిల్లీమీటర్లే. బీచ్ అయితే 14. అంటే ఏ కర్ర అన్నదానికి ఎంత తేడా ఉందో, ఎలా కోయించామన్నదానికీ దాదాపు అంతే తేడా ఉంది. కాళ్లకు పైపలకను అటూ ఇటూ గట్టిగా బంధిస్తే ఈ కదలిక పగులుగా బయటపడుతుంది.

భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 287లో దేశాన్ని నాలుగు వాతావరణ మండలాలుగా విడదీసి, ఏ పనికి ఏ మండలంలో కర్రలో తేమ ఎంత ఉండొచ్చో చెప్పింది. ఆ లెక్క పాటించి కర్ర అమ్మేది పెద్ద ఫ్యాక్టరీలకు సరఫరా చేసేవాళ్లే. చిల్లర కొనుగోలుదారు చేతిలో ఉన్న ఉపాయాలు రెండు. తేమ మీటరు ఒకటి. దాన్ని పలక ముఖం మీద కాక, చివర అడుగు ముక్క కోయించి తాజా కోతలో గుచ్చాలి. మీటరు సాధారణంగా మెత్తని కర్రకు సరిచేసి ఉంటుంది కాబట్టి మద్ది, తుమ్మల దగ్గర అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. రెండోది ఇంకా నమ్మదగ్గది, తక్కెడ. పలకలను నీడలో, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి, వారానికోసారి తూచాలి. బరువు తగ్గడం ఆగితే కర్ర ఎండినట్టు. అంగుళానికి ఏడాది అనే పాత లెక్క మందపు మద్ది విషయంలో సరిపోదు. అందుకే ఒకటిన్నర అంగుళం పలకలుగా కోయించి, ఎండాక నిలువుగా అతికించి మూడంగుళాలు చేయడం తెలివైన పద్ధతి.

కొనేటప్పుడు కొలత మాటా తెలిసి ఉండాలి. దుంగను పాత హాపస్ పద్ధతిలో కొలిస్తే చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తారు. అది అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే. మిగతాది కోత తరుగు కింద కొన్నవాడికి వదిలినట్టు. కోసిన పలకకు ఈ వెసులుబాటు ఉండదు. అందుకే దుంగ ధరనూ పలక ధరనూ ఘనపుటడుగుల్లో పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు.

ఒకచోట పెట్టి చూస్తే

డబ్బు, చోటు రెండూ ఉన్నవాడికి టేకులో తప్పేమీ లేదు, కానీ లాభం కూడా ఆ డబ్బుకు తగ్గట్టు రాదు. నిలకడలో అది మొదటిది, బరువులో మధ్యది, ధరలో చివరిది. నల్లమద్ది, తుమ్మలు బరువులో, దెబ్బ తట్టుకోవడంలో ముందుంటాయి, ఏడాది పైగా ఓపిక అడుగుతాయి. వేప ఆ రెండు కొసలకూ మధ్య ఉంది. ఇంతకాలం ఎవరూ పట్టించుకోకపోవడమే ఆశ్చర్యం. పైన్ ఈ రోజే కావాలన్నవాడికి, ప్లైవుడ్ ఇరుకింటివాడికి. పాత టేకు దూలం దొరికి, మేకులు తీసే ఓపిక ఉన్నవాడు వీళ్లందరికన్నా అదృష్టవంతుడు.

కలిపి వాడడం మీద పక్షాలేవీ పెద్దగా మాట్లాడవు. రూబో కాళ్లకు ఒక కర్ర, పైకి ఒక కర్ర చెప్పాడు. అదే ఇక్కడా సరిపోతుంది. కాళ్లకు, అడ్డపట్టీలకు వేప లేదా మద్ది (చిన్న ముక్కలు కాబట్టి త్వరగా ఎండుతాయి), పైపలకకు పాత టేకు గానీ మందపు పైన్ గానీ. ఇప్పుడున్న మార్కెట్లో అన్నిటికన్నా సమంజసమైన జవాబు ఇదే.

తేలనివి

రెండు ప్రశ్నలు ఇంకా అలాగే ఉన్నాయి. పొలం గట్ల మీది కర్రను ఎండబెట్టి, సైజు కోసి అమ్మే చిన్న బట్టీలు లాభసాటి అవుతాయా అన్నది మొదటిది. అది తేలితే టేకు, పైన్ పక్షాల వాదనలో సగం అక్కరలేకుండా పోతుంది. రెండోది ఎత్తు గురించి. నేల మీద కూర్చుని పనిచేయడం అలవాటైన చేతులకు నడుమెత్తు బల్ల నిజంగా మేలా, లేక మోకాలెత్తు బరువైన దిమ్మే చాలా? దానికి జవాబు డిపోలో కాదు, పనిచేసేవాళ్ల దగ్గర వెతకాలి. పొట్టి దిమ్మ చాలంటే కర్ర లెక్క మొత్తం మారుతుంది. రెండు ఘనపుటడుగుల తుమ్మ మొద్దు సరిపోతుంది.

ఈలోగా కొనబోయేవారికి ఒక మాట. టేకైనా, మద్దైనా బిల్లు తీసుకోండి, పలక చివర కోయించి చూడండి. తాజా కోతలో మీటరు 12 దాటితే, డిపో వాళ్లు ఎంత మంచి కర్రని చెప్పినా, ఎండిన కర్ర కింద బయానా ఇవ్వకండి.